వీధికీ ఒక ఛాయాచిత్రం

విశాఖపట్నంలో నివసించే మన ఉద్యోగుల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. సెలవులకు బంధువులు వచ్చినప్పుడు వారిని రామకృష్ణా బీచికి తీసుకొని వెళతాము. కురుసుర జలాంతర్గామి ముందు నిలబెట్టి ఒక ఫోటో, కైలాసగిరిపై శివపార్వతుల విగ్రహాల వద్ద ఒక ఫోటో, వెనుక డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేలా సముద్రపు ఒడ్డున మరొక ఫోటో తీస్తాము. ఏ ఇంట ఆల్బమ్ తెరచి చూసినా ఇవే నాలుగైదు దృశ్యాలు. మనుషులు మారుతారు గాని వెనుక ఉన్న దృశ్యం మారదు.

ఇది సహజమే. చూడదగినవాటిని చూపించడం, చూసినదానికి గుర్తు ఉంచుకోవడం మానవ స్వభావం. అయితే మనం నిత్యం నడిచే వీధికి, పాలు తెచ్చుకొనే దుకాణానికి, పిల్లలు చదివిన బడి గోడకు, బస్సు కోసం నిలబడే చెట్టు నీడకు మన ఆల్బమ్‌లో చోటు దొరకదు. అవి ఎక్కడికి పోతాయిలే అన్న ధీమా మనది. కాని పోయేవి ముందుగా అవే. డాల్ఫిన్స్ నోస్ కొండ మన మనుమల కాలానికి కూడా అక్కడే ఉంటుంది. సందు మలుపులోని పెంకుటిల్లు వచ్చే సంక్రాంతికి ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.

గత కొన్ని సంవత్సరాలుగా ఆదివారం ఉదయాలలో కెమెరా పట్టుకొని విశాఖ పాతనగరంలో, అంటే మనమందరం వన్‌టౌన్ అని పిలిచే ప్రాంతంలో తిరగడం ఈ వ్యాసకర్తకు అలవాటైంది. ఆ అలవాటు వల్ల కలిగిన కొన్ని ఆలోచనలను, ఆసక్తి గల సహోద్యోగులకూ వారి కుటుంబ సభ్యులకూ ఉపయోగపడగల కొన్ని విషయాలను ఇక్కడ పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాతనగరంలో ఒక చుట్టు

టౌన్‌షిప్‌లలో పెరిగిన మన పిల్లలలో చాలామందికి పాతనగరం తెలియదు. కాని విశాఖ నగరం పుట్టి పెరిగినది అక్కడే. నౌకాశ్రయ ప్రవేశ మార్గానికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన మూడు చిన్న కొండలు ఉన్నాయి. ఒక కొండపై వేంకటేశ్వరస్వామి ఆలయం, మధ్యనున్న రాస్ హిల్‌పై మేరీమాత చర్చి, మూడవదానిపై ఇషాక్ మదీనా దర్గా వెలసి ఉన్నాయి. మూడు మతాల ప్రార్థనా స్థలాలు మూడు కొండల మీద పక్కపక్కనే ఉండి, రేవులోకి వచ్చే ఓడలకు స్వాగతం పలుకుతున్నట్లు కనిపిస్తాయి. ఈ కొండల పాదాల వద్ద, వాటి వెనుక విస్తరించిన ఇరుకు వీధుల సముదాయమే పాతనగరం.

ఇక్కడి పేర్లే సగం చరిత్ర చెబుతాయి. ఈస్టిండియా కంపెనీవారి కోట ఉన్న ప్రాంతానికి గుర్తుగా కోటవీధి మిగిలింది. సైనికుల నివాసాల జ్ఞాపకంగా సోల్జర్‌పేట ఉంది. బురుజు పేరు మీద వెలసిన బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు కొలువై ఉన్నారు. ఆ అమ్మవారి గర్భగుడికి పైకప్పు లేదు. మార్గశిర మాసపు గురువారాలలో భక్తులు బారులు తీరి, తమ చేతులతోనే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించుకొంటారు.

మెయిన్ రోడ్డులో నడిస్తే కురుపాం మార్కెట్టు రాతి ముఖద్వారం కనిపిస్తుంది. కురుపాం రాజావారు తమ రాణిగారి స్మృత్యర్థం 1914లో దానిని కట్టించారు. ఆ సమీపంలోనే విక్టోరియా రాణి కంచు విగ్రహం గల మండపం ఉంది. ఇంకొంత ముందుకు పోతే బొబ్బిలి రాజావారి దాతృత్వంతో వెలసిన టౌన్‌హాలు కనబడుతుంది. 1847లో స్థాపించబడిన సెయింట్ అలోషియస్ పాఠశాల, తరతరాల విద్యార్థులను తీర్చిదిద్దిన ఎ.వి.ఎన్. కళాశాల ఈ ప్రాంతానివే. సర్ సి.వి. రామన్ తండ్రిగారు ఆ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. రామన్ బాల్యవిద్య ఈ ఊరిలోనే సాగింది. 1910లో విశాఖలో జన్మించిన మహాకవి శ్రీశ్రీ చదివినదీ ఆ కళాశాలలోనే.

పుస్తకాల సంచి భుజాన వేసుకొని వెళ్లే ఆ బాలుడు 1930లో నోబెల్ బహుమతి అందుకోబోతున్నాడని ఆనాటి వీధికి తెలియదు. ఏ వీధి ఎప్పుడు చరిత్రలోకి ఎక్కుతుందో ముందుగా తెలియదు కనుకనే, ఆ వీధి మామూలుగా ఉన్నప్పుడే దానిని చిత్రించి ఉంచడం అవసరం.

కనుమరుగైనవి ఎన్నో

1990లలో ప్రతి వీధి మలుపునా ఎస్.టి.డి. బూత్ ఉండేది. పసుపుపచ్చని బోర్డు, అద్దాల గది, వెలుపల తమ వంతు కోసం వేచి ఉండే జనం, రాత్రి రేట్లు తగ్గే వేళకు పెరిగే రద్దీ మనకు గుర్తే. దూరాన ఉన్న కొడుకుతో మాట్లాడడానికి తల్లిదండ్రులు చిల్లర లెక్క పెట్టుకొంటూ నిలబడిన దృశ్యం మనలో ఎందరికో అనుభవమే. అలాంటి బూత్ ఫోటో మీ ఇంట్లో ఒక్కటైనా ఉందా? మా ఇంట్లో లేదు. ఆ రోజుల్లో ఫోటో తీయడానికి అదొక దృశ్యం అని ఎవరికి తోస్తుంది? తంతి సేవలు 2013 జూలైలో నిలిచిపోయాయి. చేతితో రాసిన దుకాణపు బోర్డుల స్థానాన్ని ఫ్లెక్సీలు ఆక్రమించాయి. బోర్డు చిత్రకారుల తెలుగు అక్షరాలలో ఒక్కొక్కరిది ఒక్కొక్క ఒరవడి. ఒత్తులను సాగదీసే తీరు ఒకరిది, తలకట్టుకు రంగు నీడ వేసే తీరు మరొకరిది. ఆ బోర్డులు తుప్పు పట్టి ఊడిపోయిన కొద్దీ ఆ ఒరవడులు కూడా పోతున్నాయి.

పెంకుటిళ్ల ముందు ఉండే అరుగులు ఇప్పుడు అరుదు. బాటసారి కూర్చోవడానికి, ముసలివారు పేపరు చదువుకోవడానికి, పిల్లలు అచ్చనగాయలు ఆడుకోవడానికి ఆ అరుగులే ఆధారం. రోడ్డు వెడల్పు కోసం, కాలువ కోసం, ఇంటిముందు బండి నిలుపుకోవడం కోసం అవి తొలగిపోయాయి. తీరాన జాలరుల దుంగల తెప్పలను ఫైబర్ పడవలు చాలావరకు వెనక్కు నెట్టాయి. ఈ మార్పులలో కొన్ని అవసరమైనవే, జీవనాన్ని సులభతరం చేసినవే. మార్పును ఆపడం ఛాయాచిత్రం పని కాదు. మారకముందు ఎలా ఉండేదో చెప్పడమే దాని పని.

కొన్నిసార్లు మార్పు ఒక్కరోజులోనే వస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలులతో విశాఖ వద్ద తీరం దాటింది. తెల్లవారేసరికి వీధుల రూపమే మారిపోయింది. దశాబ్దాలుగా నీడనిచ్చిన చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ తరువాత ఎందరో తమ వీధిలో చెట్టు ఏ చోట ఉండేదో పిల్లలకు చెప్పబోయి, చూపడానికి ఒక్క ఫోటో కూడా దొరకక మాటలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇతర దేశాల అనుభవం

మామూలు వీధిని పట్టించుకోవడం కొత్త ఆలోచన కాదు. 1860 ప్రాంతాలలో పారిస్ నగరాన్ని పెద్ద ఎత్తున పునర్నిర్మించినప్పుడు, పడగొట్టబోయే పాత వీధులను ముందుగా చిత్రించే బాధ్యతను నగర పాలకులు షార్ల్ మార్విల్ అనే ఛాయాగ్రాహకునికి అప్పగించారు. ఆయన నాలుగు వందలకు పైగా వీధులను, సందులను చిత్రించాడు. ఆ తరువాత యూజీన్ అజే అనే మరొక ఛాయాగ్రాహకుడు 1927లో మరణించే వరకు, సుమారు మూడు దశాబ్దాలపాటు బరువైన కెమెరాను మోసుకొని తెల్లవారుజామునే బయలుదేరి దుకాణాల ముంగిళ్లను, మెట్లను, తలుపులను చిత్రిస్తూ పోయాడు. నేడు పాత పారిస్ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే వారి చిత్రాలే ఆధారం.

మన దేశంలోనూ ఈ కళను సామాన్యుని చేతికి అందించడంలో ఒక ప్రభుత్వరంగ సంస్థకు పాత్ర ఉంది. 1960లో ఉదకమండలంలో స్థాపించబడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్మును తయారుచేసింది. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక రీలు వేస్తే 12 చిత్రాలు వచ్చేవి. పన్నెండే కనుక ఒక్కొక్కటీ ఆలోచించి తీసేవారు. పుట్టినరోజుకు రెండు, తిరుపతి యాత్రకు నాలుగు, అక్క పెళ్లిచూపులకు ఒకటి అని లెక్క ఉండేది. ఆ లెక్కలో వీధికి వంతు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. నేడు సెల్‌ఫోనులో వేలకొద్దీ చిత్రాలు పడతాయి. ఇప్పుడు కూడా వీధికి వంతు రాకపోతే అందుకు కారణం ఫిల్ము ఖర్చు కాదు.

ఒక పెళ్లి ఫోటో చెప్పిన కథ

పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన చెప్పిన విషయం ఇక్కడ ప్రస్తావించడం సముచితం. వారి పూర్వీకుల ఇల్లు పాతనగరంలో ఉండేది. అన్నదమ్ముల పంపకాలలో దానిని అమ్మివేయగా, కొన్నవారు పడగొట్టి అంతస్తుల భవనం కట్టారు. కొన్నేళ్లకు అమెరికాలో ఉన్న మనుమరాలు బడిలో ఇచ్చిన పనికోసం, “తాతగారూ! మీరు పుట్టిన ఇల్లు ఎలా ఉండేదో ఫోటో పంపండి” అని అడిగింది. ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లన్నీ వెదికారు. మనుషుల ఫోటోలు వందలు దొరికాయి. ఇంటి ఫోటో ఒక్కటీ లేదు.

చివరకు చెల్లెలి పెళ్లి ఆల్బమ్‌లో ఒక చిత్రం దొరికింది. అప్పగింతల సమయంలో తీసినది. ఏడుస్తున్న పెళ్లికూతురి వెనుక అరుగులో సగం, ఒక కర్ర స్తంభం, గోడకు ఆనించిన సైకిలు, ఎదురింటి కిటికీలోనుంచి తొంగి చూస్తున్న పొరుగావిడ కనిపించారు. ఫోటోగ్రాఫరు వాటిని తీయాలని తీయలేదు. అడ్డం రాకుండా తప్పించలేక తీశాడు. ఆ పెద్దాయన ఆ ఒక్క చిత్రాన్ని భూతద్దంతో చూస్తూ, ఆ స్తంభం మీద తమ అన్నదమ్ముల ఎత్తు ఏటేటా గీతలు గీసి కొలిచేవారని, ఆ సైకిలు తమ తండ్రిగారిదని మనుమరాలికి చెప్పారు. ఇంటిని తిరిగి తేలేకపోయినా, మాట్లాడుకోవడానికి ఒక ఆధారం దొరికింది.

ఈ కారణంగా పాఠకులకు మొదటి సూచన ఏమంటే, కెమెరా తీసేముందు ఇంట్లోని పాత ఆల్బమ్‌లు తీయండి. ముందున్న మనుషులను ఎలాగూ గుర్తుపడతారు. ఈసారి వారి వెనుక ఏమున్నదో చూడండి. పెద్దలను దగ్గర కూర్చోబెట్టుకొని అడగండి. అడగవలసినవారు ఉన్నప్పుడే ఆ పని చేయాలి.

వెలుగు, ఉప్పుగాలి

ఇక చిత్రించే పద్ధతి గురించి. తూర్పుతీరంలో ఉదయపు వెలుగు సముద్రం మీదుగా వచ్చి నేరుగా గోడల మీద పడుతుంది. సూర్యోదయం నుంచి సుమారు రెండు గంటలు వీధులను చిత్రించడానికి అనుకూలం. ఏటవాలు వెలుగులో గోడల గరుకుదనం, తలుపుల చెక్కడపు పని స్పష్టంగా కనిపిస్తాయి. ఎండ ముదిరిన తరువాత ఇరుకు సందులలో ఒక పక్క కళ్లు చెదిరే తెలుపు, మరొక పక్క చిక్కటి నీడ ఏర్పడి వివరాలు పోతాయి. అప్పుడు నీడలో ఉన్న దృశ్యాలను ఎంచుకోవడం మేలు. వానలు వెనుకబట్టిన తరువాత, కార్తికం నుంచి మాఘం వరకు ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కెమెరాకు శత్రువులు. ఏసీ గదిలోనుంచి కెమెరాను ఒక్కసారిగా బయటకు తెస్తే కటకం మీద తేమ కమ్ముతుంది. సంచిలోనే కొంతసేపు ఉంచి, బయటి వేడికి అలవాటు పడనిచ్చి తీయాలి. తీరంలో తిరిగి వచ్చిన తరువాత మెత్తని గుడ్డతో ఉప్పు తుంపరలు తుడవాలి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచితే కటకాలకు బూజు పట్టదు. సెల్‌ఫోనుతో తీసేవారు కూడా దాని చిన్న కటకాన్ని తుడిచి తీస్తే మసక తగ్గుతుంది.

ఏ వీధిని చిత్రించినా మూడు విధాలైన చిత్రాలు తీయడం మంచిది. మొదటిది వీధి మొత్తం కనిపించేలా, ఒక చివర నిలబడి తీసినది. రెండవది ఒక ఇల్లో దుకాణమో పూర్తిగా కనిపించేది. మూడవది గడప, గొళ్లెం, బోర్డు, కిటికీ ఊచలు వంటి వివరం. ఈ మూడూ కలిస్తే చూడనివారికి కూడా ఆ చోటు అర్థమవుతుంది. తీసిన చోటు గుర్తుంచుకొని, ఏడాదికొకసారి అదే చోట నిలబడి అదే దృశ్యాన్ని తీస్తే ఇంకా ప్రయోజనం. ఒక్కొక్క చిత్రం సాధారణంగానే ఉంటుంది. పది సంవత్సరాల చిత్రాలను వరుసగా పేర్చినప్పుడు వీధి కథ దానంతట అదే తెలుస్తుంది.

మర్యాద, చట్టం

వీధి అందరిదే గాని, వీధిలోని మనుషులు మన బొమ్మలు కారు. కుళాయి వద్ద నీళ్లు పట్టుకొనే స్త్రీలను, అరుగు మీద నిద్రించే వృద్ధుని, చేపల రేవులో బేరసారాలలో మునిగి ఉన్నవారిని చెప్పకుండా తీయడం మర్యాద కాదు. “అమ్మా! మీ వాకిలి ముగ్గు బాగుంది, ఫోటో తీసుకోవచ్చునా?” అని అడిగితే కాదనేవారు తక్కువ. కాదంటే నమస్కరించి ముందుకు సాగాలి. తీసిన చిత్రాన్ని ప్రింటు వేయించి తిరిగి వెళ్లి ఇస్తే మరుసటి వారం ఆ ఇంటి తలుపే కాదు, పక్కింటి తలుపు కూడా తెరుచుకొంటుంది. ఆ ఇంటి చరిత్ర కూడా అప్పుడే బయటకు వస్తుంది.

మన నగరం నౌకాదళానికి, రేవుకు నిలయం. నిషేధిత ప్రాంతమని బోర్డు ఉన్నచోట కెమెరా సంచిలోనే ఉండాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం అటువంటి స్థలాలను చిత్రించడం నేరం కాగలదు. డ్రోన్లు ఎగురవేయడానికి ముందుగా అనుమతులు తీసుకోవాలి. ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనకు ఈ క్రమశిక్షణ కొత్తది కాదు.

వెనుక రాయవలసిన నాలుగు మాటలు

ఎంత చక్కని చిత్రమైనా, ఎక్కడిదో ఎప్పటిదో తెలియకపోతే కొంతకాలానికి ఎవరికీ పనికిరాదు. ప్రతి చిత్రానికీ నాలుగు విషయాలు రాసి ఉంచాలి. ఏ వీధి, ఏ తేదీ, ఎటువైపు తిరిగి తీసినది, అందులో కనిపించే ఇల్లు లేదా దుకాణం ఏది. కాగితపు ఫోటో అయితే వెనుకవైపు మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ను గీతలు ముందువైపుకు తేలుతాయి. జిగురు పూసిన పుటల ఆల్బమ్‌లలో ఫోటోలు కాలక్రమేణా అతుక్కుపోయి రంగు చెడతాయి. మూలలు పట్టి ఉంచే పద్ధతి మేలైనది.

సెల్‌ఫోను చిత్రాలకు మరొక ప్రమాదం ఉంది. ఫోను పోతే చిత్రాలన్నీ పోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే చిత్రపు నాణ్యత తగ్గడమే కాక, దానిలో నమోదైన తేదీ, స్థలం వివరాలు కూడా తొలగిపోతాయి. మూల చిత్రాలను కనీసం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ఏడాదికి ఒక ఇరవై చిత్రాలైనా కాగితం మీద ప్రింటు వేయించి వివరాలతో దాచిపెట్టుకోవాలి. ఏ యంత్రమూ లేకుండా చూడగలిగేది కాగితమే.

ఇది ఇంటిల్లిపాదీ కలిసి చేయదగిన పని. పిల్లలు ఫోటోలు తీస్తారు. పెద్దలు పేర్లు చెబుతారు. ఎవరి దస్తూరి బాగుంటే వారు రాస్తారు. పాతనగరమే కావాలని లేదు. భీమునిపట్నం వీధులైనా, మీ స్వగ్రామపు రచ్చబండ అయినా, మన టౌన్‌షిప్‌లోని కూరగాయల సంత అయినా సరే. టౌన్‌షిప్ మాత్రం ఎల్లకాలం ఇలాగే ఉంటుందా? మనం క్వార్టరు ఖాళీ చేసే రోజు వస్తుంది. మన పిల్లలు సైకిలు నేర్చుకొన్న రోడ్డు, గోడ పక్కన మనం నాటిన మామిడిచెట్టు మరొకరివి అవుతాయి. వచ్చే ఆదివారం ఉదయం ఒక అరగంట తీరిక చేసుకొని ముందుగా మీ వీధి చివరకు నడిచి, వెనుదిరిగి నిలబడి ఒక చిత్రం తీయండి. తేదీ రాయడం మాత్రం మరవకండి.